ఆ ఒక్కరోజు కూలి

కర్నూలు లేబర్ ఆఫీసు మెట్ల మీద కాచుకున్న వదిన, ఆడబిడ్డ బయటికి రాగానే లేచింది.

"ఏమైందమ్మీ?"

"గెలిచినాం వదినా! పనిలోనుంచి తీసేసిన కాడ్నుంచి కూలంతా కట్టియ్యమన్నారు."

"అప్పట్నుంచీ బండల ఫ్యాక్టరీ మూసే ఉండాదని ఓనరు చెప్పలేదా?"

"చెప్పినాడు. అంతటితో ఆపింటే, పనే లేనప్పుడు కూలేందని వానిదే గెలుపు. మళ్లా ఆశకు పోయి, 'ఈమె కిరస్తానీ, ఏటా ఆయుధపూజ నాడు రాదు, ఆ రోజు కూలన్నా కొట్టేయండి. ఈసారి గూడా తక్కినోళ్లంతా మిషన్లకు పూజ చేసి పనిలోకి దిగినారు సార్' అన్నాడు."

"మూసిన ఫ్యాక్టరీలోనా?"

"ఆఫీసరు గూడా అదే అడిగి, కూలి కట్టమని రాసేసినాడు!"

"మరి ఆ రోజు కూలి?"

"నేనే తీసేయమన్నా. ఆ పూజనాడు నేను పోనిది నిజమే గదా. వాడు చెప్పిన నిజం అదొక్కటే, దాని కూలి వాన్నే ఉంచుకోనీ!"