పసరు మరక

పట్నం దవాఖాన వరండాలో మామ బెంచీ మీద కూర్చున్నాడు. గట్టు మండలం చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి ఎముక విరిగినా కట్టు కట్టేది ఆయనే. లోపల మంచం మీదున్న భర్త కోసం సంతకం పెట్టాల్సిన కాగితాలతో కోడలు వచ్చింది.

"మామా, ఆయన వీపు కింద దుప్పటికి ఆ పచ్చ మరకేంది?"

మామ బెంచీ కింది సంచిని కాలితో వెనక్కి నెట్టాడు.

"పసరు రాసినవా?"

"నిన్న నర్సు లేనప్పుడు జరంత రాసిన. నా కొడుకు గాదా?"

"ఎముకైతే నీ చెయ్యే చాలు. గిది వెన్నుల నరం. ట్రాక్టర్ మీదికెల్లి పడ్డ దెబ్బ ఒకటైతే, లోపలి వాపు మిగిలిన మంచి నరాన్ని గూడ పాడు జేస్తదంట. ఆ వాపు తగ్గనీకె మూలకణాలు ఎక్కిస్తరు."

"ఎక్కిస్తే నడుస్తడా?"

"తెల్వదన్నరు. ఆ మందు ఇంక పరీక్షలనే ఉందంట. అయినా ఎక్కియ్యమనే చెప్పిన. గానీ వేరే మందు ఏమన్న వాడిండ్రా అని ఈడ రాయాలె."

"రాస్తే మనోణ్ని ఆ పరీక్షలకెల్లి తీసేస్తరేమో. ఊకో బిడ్డా."

"తీసేస్తే ఇంకో తొవ్వ జూస్త. అబద్ధం రాసి సంతకం మాత్రం పెట్ట."

మామ తన అరచేతుల వంక చూసుకున్నాడు. తర్వాత లేచి బెంచీ కింది సంచి అందుకున్నాడు.

"నువ్వు రాయకు, డాక్టర్‌కు నేనే చెప్త. వేరేకాడ కట్టు కట్టించుకొని నా తాన దాచినోళ్లను నలభై ఏండ్ల సంది తిడుతున్న."

"సంచెందుకు మామా?"

"పసరు దీసిన ఆకు ఇంక మిగిలింది. ఏం రాసిన్నో డాక్టర్ కండ్లార జూడాలె."