పాత కంప్యూటర్లో అమ్మ పాటలు

యూనివర్సిటీ స్టోరు గది ముందు, పులికాట్ సరస్సు పక్క పల్లె నుంచి వచ్చిన ఒకామె చెప్పులు విప్పి నిలబడింది. స్టోర్ కీపర్ తలెత్తాడు.

“మీ రీసెర్చి సారు మా అమ్మ పడవపాటలు కంప్యూటర్లో ఎక్కించినారు. అమ్మ పోయి నెలయింది. ఒక్కసారి వినిపించండి సార్.”

“పాతవన్నీ ఈ-వేస్ట్ కింద పోయిన సోమవారమే లారీకెత్తినామమ్మా.”

“యాడికి పోయినాయో చెప్పండి. పోయి అడుక్కుంటా.”

“లాభం లేదమ్మా. లారీకెత్తకముందే హార్డ్ డిస్కులు నా కళ్ళెదుటే మిషన్లో వేసి పొడి చేసినారు. రూలు అట్లుండాది.”

“లోపలేముండాదో ఎవురూ చూళ్ళేదా?”

“చూడమని నాకెవురూ చెప్పలేదమ్మా.”

అతను ఆ సారుకు ఫోన్ చేశాడు. వేరే కాపీ లేదన్నారు. ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

“ఒక్క పాటన్నా నీకు వచ్చునా అమ్మా? నా ఫోన్లో ఎక్కిస్తా.”

“రాదు సార్. అమ్మ ఉండాది గదాని నేర్చుకోలేదు.”