మా ఆయన పళ్ళసందు ఈల

అబ్బే, ఆ కుర్చీలో నేనెందుకు కూర్చుంటాను రోద్రీ? నా పళ్ళకేం, రాళ్ళు కొరికినా కదలవు. నేనొచ్చింది మా ఆయన పళ్ళ కోసం. ఆగస్టులో ఆయనకి పైవరసలో రెండు ముందుపళ్ళు పెట్టావు చూడు, అవి పీకెయ్. అంతే. ఇంకేం అడగను.

నొప్పా? నొప్పి లేదు, వాపు లేదు. బ్రహ్మాండంగా ఉన్నాయి. అదే వచ్చిన చిక్కు.

నవ్వుతావేం? మీ అమ్మ నెరిస్‌తో చెప్తాను జాగ్రత్త. మీ అమ్మా నేనూ బళ్ళో ఒకే బెంచీ. నువ్వు ఇంతవాడివిగా ఉన్నప్పుడు మా దొడ్లో బాతులు తరిమాయని లాగు తడుపుకున్న సంగతి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పించకు.

ఇలా కిటికీ దగ్గరికి రా. కింద చూడు, మా బండి. అందులో మా ఆయన ఇద్వాల్ కూర్చున్నాడు, పక్కన మోట్. దవడ పోటని అబద్ధం చెప్పి పైకొచ్చాను. చూశావా ఆ కుక్కని? ఆయనకి వీపు తిప్పేసి కూర్చున్నాడు. రెండు వారాలుగా ఇదే వరస. అన్నం పెడితే తింటాడు, మొహం మాత్రం చూడడు.

ఎందుకంటే ఏం చెప్పను నాయనా! ఈల పోయింది. ఈల!

ఆ పళ్ళు ఎలా పోయాయో తెలుసా నీకు? ఇరవై ఒకటో ఏట వాళ్ళ నాన్న పొట్టేలు ఎదురొచ్చి ఒక్క కుమ్ము కుమ్మింది. రెండు పళ్ళూ పేడలో పడ్డాయి, మళ్ళీ దొరకలేదు. ఆ సందులో నాలిక ఆనించి ఈల వేయడం అప్పుడు పట్టుబడింది ఈయనకి. మిగతావాళ్ళు వేళ్ళు పెట్టుకుంటారు, లేకపోతే దుకాణంలో దొరికే రేకు ఈల పెట్టుకుంటారు. ఈయన నోరు తెరిస్తే చాలు, కొండ అవతలివాళ్ళ గొర్రెలు కూడా తలెత్తి చూసేవి. ఒక ఈలకి కుక్క ఎడమకి తిరగాలి, ఒకదానికి కుడికి, ఒకదానికి ఉన్నచోటే పడుకోవాలి, ఒకదానికి వెనక్కి వచ్చెయ్యాలి. మోట్ వాళ్ళమ్మ నెల్ కూడా ఆ ఈల మీదే పెరిగింది. పాపం దానికిప్పుడు బొత్తిగా చెవుడు. పొయ్యి పక్కన పడుకుని, ఆయన చెయ్యి ఊపితే లేస్తుంది. ఇప్పుడు మా ఇంట్లో ఆయన మాట వినే కుక్క ఆ చెవిటిదొక్కటే.

మరి బాగున్న నోటిని నీ దగ్గరికి ఎందుకు తెచ్చామంటావా? తెచ్చింది నేనే. నా బుద్ధి గడ్డి తిని తెచ్చాను.

మా ఆయన చాపెల్లో పాడతాడు కదా, వెనక వరసలో, గంభీరంగా. కానీ పాటలో 'స' వచ్చిందా, ఆ సందులోంచి సన్నగా ఈల వచ్చేది. బయట గోడ పక్కన మోట్ ఉండేవాడు. ఈల వినపడగానే పడుకునేవాడు. మళ్ళీ లేచేవాడు. మళ్ళీ పడుకునేవాడు. మూడు చరణాలయ్యేసరికి వాడికి నాలిక బయటికొచ్చేది. కిటికీలోంచి పిల్లలు చూసి నవ్వడం, పాస్టరుగారు ఆపుకోలేక దగ్గడం. ఓ ఆదివారం ఆయన నన్ను పక్కకి పిలిచి, "ఎలునెద్, పోనీ ఇద్వాల్ ఆ పళ్ళు పెట్టించుకోకూడదూ?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. సోమవారం పొద్దున్నే లాక్కొచ్చాను.

నువ్వప్పుడు అడిగావు కూడా, తీసి పెట్టుకునేవి చెయ్యనా అని. వద్దని నేనే అన్నాను. తీసేవైతే గడ్డివామిలో పారేసుకుంటాడు, ఆవు నమిలేస్తుంది, గట్టిగా అంటించెయ్ అన్నాను. అన్నానా లేదా? అదిగో, ఇలా నా నోరే నా కొంప ముంచుతుంది ఎప్పుడూ.

అక్టోబరు దాకా గొర్రెలు కొండ మీదే ఉంటాయి కాబట్టి మాకేం తెలియలేదు. ఒకసారి మోట్‌ని పడుకోమని ఈల వేస్తే వెళ్ళి ఉత్తరాలు తెచ్చే అమ్మాయిని చుట్టుముట్టి కోళ్ళగూట్లోకి తోలాడు. ఏదో చిలిపితనం అనుకున్నాం. ఆ అమ్మాయి మాత్రం ఇప్పుడు ఉత్తరాలు గోడ మీంచి విసిరి పోతోంది.

అసలు ముసలం గొర్రెలు దింపే రోజు పుట్టింది. అక్టోబరు మొదటి శనివారం. నీకు తెలుసుగా, ఆ రోజు కొండ చుట్టూ ఉన్నవాళ్ళందరూ కలిసి పైకెళ్తారు, ఎవరి కుక్క వాళ్ళది, ఎవరి ఈల వాళ్ళది. మా ఆయన పైగేటు దగ్గర నిలబడి, ఛాతీ విరుచుకుని, ఎడమ ఈల వేశాడు. ఏమొచ్చిందో తెలుసా? సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు 'ఫుస్స్' అని ఒక చప్పుడు!

మోట్ ఆగిపోయాడు. తల ఇటు వంచాడు, అటు వంచాడు. పాపం, వాడి తప్పేముంది? ఈయన మళ్ళీ వేశాడు. ఈసారి కాస్త సన్నగా వచ్చింది. వాడికి ఏం తోచిందో, కుడికి తిరిగి, నూటఅరవై గొర్రెల్ని ఊపిరి పీల్చుకోనివ్వకుండా కిందికి తోలాడు. మంద మా దొడ్డి దాటిపోయింది. కింద పొలం గెథిన్ ఇల్లు దాటిపోయింది. ఈయన వెనకాల టోపీ ఊపుకుంటూ, ఫుస్స్, ఫుస్స్!

మర్నాడు చాపెల్లో పంటల పండగ. ఆడవాళ్ళమందరం ఆ శనివారం పొద్దున్నించీ అలంకరిస్తున్నాం. క్యాబేజీలు, క్యారెట్లు, రొట్టెలు, బల్ల నిండా యాపిల్ పళ్ళు. నడిమధ్యన పాస్టరుగారు తన పెరట్లో పండించిన గుమ్మడికాయ, పసిపిల్లాడంత. తలుపులు బార్లా తీసి ఉన్నాయి.

ఇంకేం చెప్పమంటావు? నూటఅరవై గొర్రెలు నాయనా! వరసలో వచ్చాయి, చక్కగా, పెళ్ళికి వచ్చినట్టు. మోట్ ఆఖరి గొర్రెని కూడా లోపలికి పంపి, గుమ్మానికి అడ్డంగా పడుకుని, మెచ్చుకుంటారేమోనని తోక ఊపాడు. వాడి జన్మలో అంత శుభ్రంగా పని ఎప్పుడూ చెయ్యలేదు. పాస్టరుగారు గుమ్మడికాయ ఎత్తుకుని వేదిక ఎక్కారు. వేదిక మీదికి కూడా వచ్చాయి. నాకు నవ్వొచ్చింది, అయినా ఆపుకున్నాను. పళ్ళు పెట్టించమన్నది ఆయనే కదా!

మర్నాడు పండక్కి బల్ల మీద మిగిలింది నాలుగు ఉల్లిపాయలు. వాటికే దండం పెట్టి పాడాం. మా ఆయన 'స' స్పష్టంగా పలికాడు, ఒక్కడూ మెచ్చుకోలేదు.

ఆఁ, రేకు ఈల కొన్నాడు, కొనకేం. సోమవారమే కొన్నాడు. దాన్ని ఊదగానే మోట్ చెవులు నిక్కబొడుచుకుని, గోడ దూకి, తిన్నగా కింద పొలం గెథిన్ దగ్గరికి పోయాడు. గెథిన్‌దీ అదే ఈల మరి! వాడి కుక్కలతో పాటు ఎప్పుడూ వింటున్నదే. అక్కడ గెథిన్ బాతుల్ని ఒక మూలకి చేర్చి చూపించి వచ్చాడు. గెథిన్ కళ్ళు ఎప్పట్నించో వాడి మీదే. వచ్చి గోడ మీద మోచేతులు ఆన్చి, "ఇద్వాల్, నీ మాట వినని కుక్క నీకెందుకోయ్, నాకిచ్చెయ్. నా దగ్గర రాజాలా ఉంటాడు" అన్నాడు. మా ఆయన ఈల తీసి పేడగుంటలో గిరవాటేశాడు.

అక్కణ్ణించి మళ్ళీ నోటితోనే మొదలుపెట్టాడు. రోజూ సాయంత్రం ఆవు పాలు పిండుకుని, కోళ్ళు మూసి, ఓ పన్నెండు గొర్రెల్ని పొలంలో పెట్టుకుని, మోట్‌ని నిలబెట్టి, ఫుస్స్. చీకటి పడేదాకా ఫుస్స్. పెదాలు పగిలాయి. వెన్న రాసుకుంటే మోట్ వచ్చి నాకిపోతాడు, అదొక్కందుకే దగ్గరికొస్తాడు.

మొన్న మంగళవారం మా ఆయన వచ్చి గోడ మీద కూర్చున్నాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఎలునెద్, నా వల్ల కావడం లేదు. శనివారం వచ్చి మోట్‌ని తీసుకుపొమ్మని గెథిన్‌కి చెప్పాను" అన్నాడు. మరి గొర్రెల సంగతో అంటే, "కుక్క లేకుండా గొర్రెలేం చేసుకుంటాం, అవీ అమ్మేద్దాం" అన్నాడు.

అమ్మేద్దామట! ఆ మంద వాళ్ళ తాతల నాటిది. కంచె లేకపోయినా కొండ మీద తమ మేత హద్దు దాటి పోవు. తల్లి వెంట పిల్ల తిరిగి నేర్చుకున్న చోటు అది. ఒకసారి పోతే మళ్ళీ ఎక్కణ్ణించి తెస్తాం? ఇవాళ గురువారం. రేపొక్క రోజే ఉంది. అందుకే వచ్చాను. ఆ పళ్ళు పీకెయ్. పోనీ పీకొద్దు, మధ్యన ఆకురాయితో ఓ సందు చెయ్యి. నీకు పుణ్యముంటుంది.

ఏమిటీ? ఆ ఫుస్స్ అనే కొత్త ఈలని కుక్క నేర్చుకుంటుంది కదా అంటావా? మూడు నాలుగు వారాలు పడుతుందంటావా?

నీకెవరు చెప్పారు? ఓ, మీకూ కుక్క ఉందా.

ఊఁ.

తలుపు వేసి ఉందా? ఆ గుమస్తా పిల్లకి వినపడుతుందా? సరే విను. ఇది నీ కడుపులోనే ఉండాలి.

నేర్చుకున్నాడు. మోట్ నేర్చేసుకున్నాడు. వారం తిరక్కుండానే! ఫుస్స్ అంటే ఎడమ, ఫుస్‌ఫుస్ అంటే కుడి. వంటింటి కిటికీలోంచి నా కళ్ళతో నేను చూశాను. వాడు బంగారం, ఎంత తెలివో!

కానీ ఆయన ఈల వేయడం, వాడు తిరగబోవడం, సరిగ్గా అప్పుడే నేను వెనక గదిలో బిస్కెట్ల డబ్బా గలగలలాడించడం. వాడు అన్నీ వదిలేసి పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. రోజూ. వాడు నాలుగు కిలోలు పెరిగాడు నాయనా, చూశావుగా సీటు ఎలా కుంగిందో.

అలా చూడకు నాయనా! ఆయన విసిగిపోయి, "ఈ పళ్ళు దండగ, పీకించేస్తాను పద" అంటాడనుకున్నాను. కుక్కని ఇచ్చేస్తానంటాడని నేను కలగన్నానా? ఇప్పుడు డబ్బా సంగతి చెప్తే నన్ను ఇంట్లో ఉండనిస్తాడా? ఉండనిస్తాడులే, అదే ఇంకా సిగ్గు.

డబ్బా మానెయ్యమంటావు. మానేస్తే? మోట్ వింటాడు, గెథిన్ నోరు మూస్తాడు, గొర్రెలుంటాయి. అంతా బాగుంటుంది. పైగా ఆయనకి ఆ పళ్ళంటే ముచ్చట కూడా. మొన్న యాపిల్ పండు కోయకుండా కొరికి తిన్నాడు, నలభై ఏళ్ళ పైన అయిందట అలా తిని. గింజలు కూడా వదల్లేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నిజం చెప్తున్నాను.

అవును, మరి ఇంకెందుకు పీకమంటున్నానూ?

కుక్కకి నాలుగు ఈలలని చెప్పాను కదా. ఇంకోటుంది, అయిదోది. రెండు పొట్టివి, ఒక పొడుగు, చివర కాస్త పైకి లేస్తుంది. పైగేటు దగ్గర నిలబడి వేసేవాడు, ఇంటికి బయల్దేరేటప్పుడు. అది కుక్కకి కాదు. నేను కెటిల్ పొయ్యి మీద పెట్టాలని. ఎండుద్రాక్ష రొట్టె కోసి వెన్న రాసేసరికి గుమ్మంలో బూట్ల చప్పుడయ్యేది. నలభై మూడేళ్ళు, ఒక్కరోజు తప్పలేదు. ఆ పెద్ద మంచు పడ్డ ఏడాది గేటు లేదు, గోడ లేదు, అంతా తెల్లగా ఉండి, పొద్దుపోయినా మనిషి రాక, నేను గుమ్మంలో నిలబడి చచ్చిపోతున్నాను. అప్పుడు వినపడింది. రెండు పొట్టివి, ఒక పొడుగు. నేను లోపలికెళ్ళి కెటిల్ పెట్టాను. నీళ్ళన్నీ పొయ్యి మీదే పోశాను.

ఇప్పుడు ఫోన్ చేస్తాడు. "బయల్దేరాను" అని. సిగ్నల్ ఉంటే. లేకపోతే టీ చల్లారిపోయాక వస్తాడు.

మోట్‌కి నాలుగేళ్ళు, వాడు కొత్త పాఠం నేర్చుకోగలడు. నాకు అరవై ఎనిమిది. నా వల్ల కాదు రోద్రీ.

ఆయనతో చెప్పమంటావా! ఎలా చెప్పను? నలభై మూడేళ్ళూ టీ పోస్తూ రోజూ ఒకటే మాట అన్నాను, "నేనేమన్నా కుక్కనా, ఈల వేసి పిలవడానికి?" అని. ఒక్కరోజు కూడా మానలేదు. ఇప్పుడు వెళ్ళి ఆ ఈలే కావాలంటే ఆయన నవ్వుతాడు. చచ్చేదాకా నవ్వుతాడు. ఆ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతాడు.

సరే, పైకి పిలువు. ఆయన్నే అడుగు, ఒప్పుకుంటేనే చెయ్యి. యాపిల్ పళ్ళు నేను ముక్కలు కోసి పెడతాను, రోజుకి రెండు. డబ్బా కూడా పైఅటక మీద దాచేస్తాను, ఒట్టు.

కానీ కుక్క కోసమనే చెప్పు నాయనా. నా పేరెత్తకు.