గలీబులు తీయని కుర్చీలు

ఏమే నుహా, రేపు పెళ్ళిచూపులని ఇవాళే కుర్చీల గలీబులు పీకేస్తున్నావా? ఉండవే, ఆ గలీబుల మూలంగా మీ తాత నెత్తిన ఏం పడిందో నీకు తెలీదు. మా అమ్మ, మీ ముత్తవ్వ తఫీదా లేదూ, దేవుడు కరుణించాలి గానీ, ఏం మనిషే బాబూ! మా ఇంట్లో కుర్చీలు ఏ రంగువో నాకు ఇరవయ్యేళ్ళొచ్చేదాకా తెలీదంటే నమ్ము. గవర్నరు గారొస్తే తీస్తుందిట! ఏ గవర్నరు? షుబ్రా పేటలో మా సందులోకి గాడిదబండే సరిగ్గా రాదు! సరే, ఎక్కడున్నాను? ఆఁ, నా పెళ్ళిచూపులు. పోస్టాఫీసు షౌకత్ గారమ్మాయి, ఇన్‌సాఫ్. నేనే ఏరి కోరి ఒప్పించాను మా అమ్మని. మిఠాయి పెట్టె పట్టుకుని వెళ్ళామా, వాళ్ళ కుర్చీలన్నిటికీ గలీబులు వేసే ఉన్నాయి. అంతే! మా అమ్మ ముఖం మాడిపోయింది. కాఫీ కప్పు మూతికైనా తాకించకుండా బల్లమీద పెట్టేసి, "లేవరా రిఫాత్! గలీబులు కూడా తియ్యలేదు, మనమేం కరెంటు బిల్లు వసూలుకొచ్చామా?" అంది, అందరూ వినేలా. ఇన్‌సాఫ్ ట్రే పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. మరి నేనో? ఇరవై తొమ్మిదేళ్ళ గాడిదని, ఒక్క మాట అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా? తల దించుకుని ఆవిడ వెనకాలే మెట్లు దిగాను. మిఠాయి పెట్టె కూడా వెనక్కి తెచ్చేసిందే, అదీ మా అమ్మంటే!

నవ్వకు. పదకొండేళ్ళ తర్వాత షౌకత్ గారు పోయారు. నలభయ్యో రోజున పరామర్శకి వెళ్ళాను. అప్పటికి నాకూ పెళ్ళయింది, ఇన్‌సాఫ్‌కీ పెళ్ళయి మన్సూరా వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ నన్ను చూసి కళ్ళొత్తుకుని, "నాయనా, ఆ రోజు పొద్దున్నే గలీబులన్నీ తీసి తుడిచి పెట్టాను. మా ఆయనే మళ్ళీ వేయించారు. 'రేపు మనింటి పిల్లాడయ్యేవాడు, పరాయివాళ్ళకి చేసినట్టు ఈ ఆర్భాటం ఏమిటే, హాయిగా కాళ్ళు ముడుచుకుని కూర్చోనీ' అన్నారు" అంది. విన్నావా? ఏమనాలి మా అమ్మని? ఏమనాలి నన్ను? ఆ మాట వింటూ నేను కూర్చున్నది ఎందులో అనుకున్నావు? గలీబు తీసేసిన కుర్చీలో. బంగారు పూత తళతళా మెరుస్తోంది. పరాయివాణ్ణి కదా మరి...

ఊఁ. ఆ టీ చల్లారిపోయింది, ఇంకోటి పెట్టు.