ముప్పై రెండు కార్ల ముగ్గు

ఆ పొద్దున్న నర్సీపట్నంలో లోవమ్మ టీకొట్టు బల్లమీద చిట్టిరాజు ఫోను పట్టుకుని కూర్చున్నాడు. ఇన్నాళ్లూ వేరేవాళ్ల టాక్సీ తోలాడు, ఇప్పుడు ఉన్న ఒక్క జీడితోటా అమ్మి సొంత కారు కొంటాడట. చిన్నదొకటి, పెద్దదొకటి చూశాడు. పన్నెండింటిలోపు ఏదో ఒకటి ఖాయం చెయ్యాలి. తప్పుబండి తగిలిందా, తోటా పోయె, బతుకుతెరువూ పోయె. ఏది మైలేజీ ఇస్తుందని ఊరందర్నీ అడిగాడు గానీ నన్నడగలేదు. అందుకని నేనే చెప్పాను.

"ఒరే నాయినా, అది అడిగితే తేలీ సంగతి కాదు, తూస్తే తేలీ సంగతి. మొన్న ఏసవిలో తూసేను. రోలుగుంట రోడ్డులో సెరకు లారీలు తూసే కాటా మీదకి మూడు కార్లు ఎక్కించేను. మూడు సాలవని ముప్పై రెండు ఎక్కించేను. కాటా తూసే కుర్రోడు, దేవుళ్లని పేరు, తన కుర్చీ నాకిచ్చీసి నిలబడ్డాడు. ఆ తర్వాత ఏటి సేసేనో తెలుసా? వాకిట్లో కళ్లాపి జల్లి ముగ్గెట్టేను."

కార్లకి ముగ్గేమిటని లోవమ్మ అడిగింది.

"సుక్కల ముగ్గే. అడ్డంగా వంద కిలోలకి జానెడు, నిలువునా లీటరుకిచ్చీ కిలోమీటరుకి వేలెడు, బండికో సుక్క. మామూలు ముగ్గులో గీత సుక్కల్ని సుట్టుకుని పోతాది. ఇందులో సగం సుక్కలు పైన, సగం కింద ఉండీలాగ మధ్యలోంచి ఒక్కటే గీత లాగాల. లాగేను. పల్లానికి దిగిపోయింది. వంద కిలోలు పెరిగితే లీటరుకి ఒక కిలోమీటరు తగ్గిపోతాది."

చిట్టిరాజు ముందుకి జరిగాడు. వినేవాడు జరిగాక చెప్పేవాళ్లు ఆగకూడదు.

"గీతని అక్కడితో వదలలేదు. కుడివైపు లాగితే వీధి దాటి ఎదురింటోళ్ల అరుగు కాడ సున్నా అయిపోయింది. ఇంకా లాగితే బండి ఎనక్కి పోతాది. అంత బరువు బండెక్కి ఎస్. రాయవరం బయల్దేరిన పెళ్లోరు ఎదురుదిక్కున సింతపల్లిలో తేలేరు."

ఎవరి పెళ్లని లోవమ్మ అడిగింది. అది లెక్కలోకి రాదన్నాను.

"ఎడమవైపు తేలికబళ్లు. ఓ కారుకి స్టెప్నీ, సీట్లు, తలుపులు తీయించేను. డ్రైవరు సేత టిఫిను మానిపించేను. బరువు సున్నా కన్నా కిందకి పోయింది. అలాటి బండి నేలమీద ఉంటాదేటి? గేదెకేసినట్టు పలుపేసి గుంజకి కట్టేం. పలుపు తెగి ఎగిరిపోతే లంబసింగి కొండమీద నిచ్చెనలేసి దింపేరు. దింపేక సూస్తే పోసినదానికన్నా లీటరు పెట్రోలు ఎక్కువుంది."

"అయితే సిన్నబండే మామ్మా," అని చిట్టిరాజు బళ్లమ్మేవాడి నంబరు నొక్కబోయాడు.

లోవమ్మ గ్లాసులు కడగడం ఆపింది. "మామ్మా, బరువులు కాటా సెప్పింది. మైలేజీలు ఎవరు సెప్పేరు?"

టాక్సీ స్టాండులో డ్రైవర్లేనని చెప్పాను. ఈ బల్లమీదే వరసగా కూర్చోబెట్టి అడిగాను.

"నువ్వెంత సెప్పేవురా చిట్టీ?" అని లోవమ్మ అటు తిరిగింది.

చిట్టిరాజు వేలు ఆగిపోయింది. ఇరవై రెండని చెప్పాడట. మూడొందల పెట్రోలు, అయ్యాక మళ్లీ మూడొందల పెట్రోలే తప్ప జన్మలో ట్యాంకు నింపి చూసింది లేదట. పక్కవాడు ఇరవై ఒకటన్నాడని తను ఇరవై రెండన్నాడట. ఆ పక్కవాడు మాత్రం ఏం నింపి చూశాడు?

ఆ తర్వాత చిట్టిరాజు ఫోను చేసి, ట్యాంకు నింపి రెండుబళ్లూ నక్కపల్లి దాకా తోలి చూస్తే గానీ ఖాయం చెయ్యనని చెప్పాడు.

లోవమ్మ ఇంకా నావైపే చూస్తోంది. ముప్పై రెండు మంది కోసిన కోతల్ని నా వంతు ఏమీ కలపకుండా ముగ్గులో పెట్టానని చెప్పాను.