నూటికి నూరు షేర్లు

విల్మింగ్టన్‌లో ఒక హోటల్. పంపుల కంపెనీ డైరెక్టర్లు లోపల కూర్చున్నారు. ముందే కుదిరిన కంపెనీ అమ్మకం ఒప్పందం ఉంచాలా, వదలాలా అని మూడింటికి ఓటు. తలుపు బయట కంపెనీ లాయరు మిరియం థేయర్, ఒహాయో ఫ్యాక్టరీ కార్మికుల తరఫున వచ్చిన రోలండ్ వాషెక్.

“మా ఫ్యాక్టరీ గొంతు కోసింది మీరే లాయరమ్మా! మీరూ, లోపల కాఫీలు తాగుతున్న ఆ తొమ్మిదిమందీ!”

“మెల్లగా, రోలండ్ గారూ. లోపలికి వినపడుతుంది.”

“వినపడాలనే! ఆ కొనేవాళ్లు షేరుకి ఇరవయ్యేడు డాలర్లిచ్చి కంపెనీ కొని ఫ్యాక్టరీ మూసేస్తారు. మేం ముప్ఫై ఒకటిచ్చి నడుపుతాం. అప్పిస్తామని బ్యాంకు ఉత్తరం కూడా తెచ్చాం. ఏది మెరుగు?”

“మెరుగైన బేరం వస్తే డైరెక్టర్లు మొదటిది వదిలెయ్యొచ్చు. కానీ మెరుగంటే ఏంటో ఒప్పందంలో రాసుంది.”

“ముప్ఫై ఒకటి పెద్దదా, ఇరవయ్యేడు పెద్దదా?”

“ధర ఒక్కటే కాదండీ. షేర్లు నూటికి నూరూ కొంటామనాలి. మీరు ఎనభై ఎనిమిదే అన్నారు.”

“మిగతా పన్నెండూ మావే కదా తల్లీ! మా జీతాల్లో కోసి ఇచ్చినవి. నా షేరు నేనే కొనుక్కోవాలా?”

“అదే... చిక్కు.”

“చాలా ఒప్పందాల్లో సగానికి పైన కొంటే చాలట. మా లాయరు చెప్పాడు. మీరెందుకు నూరు పెట్టారు?”

“లాయర్లం ఎవరమైనా పాత ఒప్పందం ముందేసుకునే రాస్తాం. పేర్లు మారుస్తాం, అంకెలు మారుస్తాం. ఇది... మార్చడం మరిచాను.”

“మరిచారా?”

“మరిచాను.”

“అయితే దిద్దండి.”

“కొనేవాళ్లూ సంతకం పెట్టాలి. పెట్టరు.”

“ఆ పాత కాగితం చూపించండి.”

“అది వేరేవాళ్లది. చూపకూడదు.”

“అంకె చెప్పండి, చాలు. అటు కాదు, నావైపు చూసి! మూడువందల నలభైమంది ఫోన్లు పట్టుకుని కూర్చున్నారక్కడ.”

“యాభై.”

“ఏంటీ?”

“అందులో యాభయ్యే. నేనూ యాభయ్యే ఉంచాను. నూరు చెయ్యమన్నది ఛైర్మన్. కొనేవాళ్లు ఆయనకి పెద్ద ఉద్యోగం ఇస్తామన్నారు. మీ పన్నెండు సంగతి ఆయనకి తెలుసు.”

“మిగతా ఎనిమిదిమందికీ?”

“తెలీదు.”

“ఇంకా పది నిమిషాలుంది. తలుపు తియ్యండి. నాతో అన్నమాటే వాళ్ల మొహాన అనండి, ఓటుకి ముందే!”