పొయ్యిగడ్డ మీది గుల్ల

సోకులకు పోతె కొంప అంటుకోదా అంటవా? ఎవలు జెప్పిండ్రు బిడ్డా నీకు గా మాట? మీ బావనా, లేకుంటె గా ముసలామెనా?

కూసో అమరేందరూ, జర కూసో. గా బండోన్ని ఇంజన్ బందువెట్టుమను. మీ అక్క, మీ బావ నకిరేకల్ దవాఖానకు పట్టీలు మార్పియ్య వోయిండ్రు. ఇప్పుడప్పుడే రారు.

పాలమూరు నుంచి బండి మాట్లాడుకోని అక్కను తోల్కపోతందుకు వస్తివి. మంచిదే. తమ్ముడన్నంక రావాలె. కని తోల్కపొయ్యి ఇంట్ల కూసోవెట్టి, "నీ సోకుతోనే గింత జేస్కున్నవక్కా" అని పొద్దుమాపు దెప్పుతవా? గట్లయితె తోల్కపోకు.

ఏందట్ల జూస్తవ్? నువ్వెవలవు చెప్పతందుకు అనా? నేను బిక్షమ్మను. గీ బూడిదంత మీ అక్క హోటలుగ ఉన్నన్నాళ్ళు, ఆమె పక్కన కూసోని జొన్నరొట్టెలు కొట్టినదాన్ని. మంటలు లేసిననాడు గూడ ఈడనే ఉన్న. నువ్వు లేవు గద? మరి నేను జెప్పేది ఇను.

నేత గిట్టక మగ్గం ఇప్పి మూలకు వెట్టిననాటి సంది మీ బావ ప్రమోద్ నోట్లె మాట లేకపాయె. తింటె తిన్నడు, లేకుంటె లేదు. గోడ దిక్కు జూసుకుంట కూసుండేటోడు. మీ అక్క రోజారమణి ఎంత ఫికర్ వడ్డదో నీకు ఫోన్ల చెప్పిందా? చెప్పది. గామె చెప్పే మనిషి గాదు.

ఇగ ఆమెనే ముందటవడ్డది. కేతేపల్లి దాటంగనే గీ రోడ్డు పక్కన తాటికమ్మల పందిరేసి, కట్టెల పొయ్యి మీద నాటుకోడి కూర, జొన్నరొట్టె అని బోర్డు గట్టింది. కార్లోల్లకు కట్టెల పొయ్యంటె ఇప్పుడు మోజు గద!

మోజు తినేటోల్లకు బిడ్డా. పొద్దుగాల పొయ్యి రాజేసేటోల్లకు సావు. రేషన్ల గ్యాసునూనె ఎప్పుడో బందాయె. కట్టెలు పచ్చివచ్చినయంటె ఊదీ ఊదీ కండ్లు పుండ్లయితుండె. ప్లాస్టిక్ కవర్లు ఏసి అంటువెడదాం అన్న నేను. మీ అక్క నా చెయ్యి వట్టుకున్నది. "వద్దు పెద్దమ్మా, గా కంపు కూరల వడ్తది" అన్నది.

ఏంజేసిందో ఎర్కేనా? ఇంట్ల మగ్గం కాడి నూలు తుక్కు సంచులకొద్ది ఉండె. గా పోగులను ఉండలు సుట్టి, కరిగిన మైనంల ముంచి, నీడకు ఆరవెట్టింది. ఒక్క ఉండ కట్టెల నడుమ వెట్టి అగ్గిపుల్ల గీస్తె చాలు, ఊదే పనే లేదు. ఎర్రటియి, పసుపుపచ్చయి, నీలిరంగుయి. కుప్ప వోస్తె బంతిపూల లెక్క కొట్టేటియి.

ఆ ఉండలు యాడ వెట్టిందనుకున్నవ్? పొయ్యి కాడనా? తప్పు! పొయ్యి ఆ మూలకు, ఇయ్యి ఈ మూలకు. మట్టిగోడ లేపి, గోడల గూడు జేయించి, మూత ఉన్న రేకు డబ్బాల వోసి వెట్టింది. గా డబ్బాకు ఎర్రమట్టి జాజు రుద్ది, సున్నంతోటి చీరంచు మీద ఏసే హంసలు ఏసింది. కింద ఇసుక బకీటు. పొద్దుగాల ఒక్క ఉండ తీసుడు, మూత వెట్టుడు, చెయ్యి కడుక్కునుడు. నేను మూత మరిచిన్నంటె నా మీద లేస్తుండె. "మైనం పెద్దమ్మా అది, రవ్వ వడ్డదంటె మనల్ని అడగది" అనేటిది.

సోకేనా అంటె సోకే, నేను గాదంటనా? చేతుల పని ఉన్న మనిషి, ఉత్త రేకుడబ్బా జూస్తె ఊకుంటదా? కని గా సోకు వెనక ఎంత భయం ఉన్నదో మీకెవ్వలకు గానరాలే.

గా ఐతారం నాడు ఫోన్ల వీడియోలు తీసే పిలగాండ్లు వచ్చిండ్రు. హోటల్లు తిరుక్కుంట తీస్తరట. తిన్నరు, మస్తున్నదన్నరు. వాండ్లల్ల ఒకడు గా డబ్బా మూతదీసి ఉండలు జూసి, "అబ్బ! గివి పొయ్యి పక్కన ఉంటె వీడియో అదిరిపోతదన్నా" అన్నడు.

అంతే! మీ బావకు యాడ్నుంచి వచ్చిందో గాని ఉషారు! డబ్బా తెచ్చిండు, ఉండలన్ని రొట్టెల బుట్ట, గా ఎదురుగుల్లల కుమ్మరించిండు, గా గుల్లను పొయ్యిగడ్డ మీద వెట్టిండు. నాకు మంచిగనే అనిపిచ్చింది బిడ్డా, నేనెందుకు అబద్ధమాడాలె? ఎర్రటి మంట, పక్కన రంగురంగుల పూలోలె. మీ బావ నడుమ నిలవడి, మగ్గం ముచ్చట, నూలు ముచ్చట, తన తండ్రి ముచ్చట... ఒకటే చెప్పుడు, ఒకటే నవ్వుడు. ఆయన పండ్లు నేను గానాడే జూసిన.

వీడియో అయిపోయింది. కార్లొచ్చినయి. కారు ఎనకకు తీసేటోనికి తొవ్వ జూపిస్త అని మీ బావ రోడ్డు మీదికి వాయె. గుల్ల గాడనే ఉండె.

గాలి దుమారం లేసింది. కట్టె చిట్లింది. ఒక్క రవ్వ బిడ్డా, ఒక్కటే రవ్వ! గుల్ల భగ్గుమన్నది. మీ అక్క ఇసుక బకీటుకు ఉరికేలోపట్నే మంట తాటికమ్మ అందుకున్నది. ఎండాకాలపు కమ్మ, ఆగుతదా?

మేమందరం బయటికి ఉరికినం. మీ అక్క లోపటికి ఉరికింది. ఎనక తడక అవతల మంచంల మీ బావ తల్లి ఆండాళమ్మ ఉన్నది, కాళ్ళు రావు ఆమెకు. చంటిపిల్లనెత్తుకున్నట్టు ఎత్తుకున్నది. మండే కమ్మలు మీదవడుతుంటె ముసలామె నెత్తి మీద తన రెండు చేతులు కప్పింది. ముసలామెకు ఒక్క ఎంటిక కాలలే.

గా ముసలామెనే ఇప్పుడు వచ్చినోల్లకల్లా చెప్తాంది, "మా కోడలి సోకు మాకు నిప్పువెట్టింది" అని.

అరే, లెవ్వకు! యాడికి? బావను అడుగుతవా? ఏమని అడుగుతవ్? "మూత నేనే వెట్టిన, గుల్లల ఉండలు మల్ల డబ్బాలకు నేనే వోసిన, గామెనే మల్లెందుకో తీసింది" అంటడు. తల్లి మీద ఒట్టువెట్టి చెప్తడు. అబద్ధమాడుతలేడు బిడ్డా, గదే నా బాధ! ఆయన మనసుల ఆయన వెట్టిండు. గట్ల నమ్మకుంటె ఆ మనిషి బతుకడు.

కూసో. ఇంకొకటి ఉన్నది. గిది చెప్పొద్దని మీ అక్క నా చెయ్యి వట్టుకోబొయ్యింది. చేతులు యాడివి పట్టుకుంటందుకు? పట్టీలే గద.

దవాఖానల అడిగిన నేను. "నిజం చెప్పరాదు బిడ్డా, గుల్ల ఆయన వెట్టిండు, ఎందుకు నిందలు మోస్తున్నవ్" అన్న. ఫ్యాను దిక్కు జూసింది.

"నేను జూసిన పెద్దమ్మా" అన్నది. "ఆయన గుల్ల వెట్టంగనే జూసిన. ఇగో, గది జరుపుండ్రి అంటె అయిపోతుండె. కని గప్పుడే ఆయన నవ్వవట్టె. నేను నోరు తెరిస్తె, ఎప్పటోలె 'నీకు అన్నిటికి భయమే' అని మొకం మాడ్సుకుంటడు. ఈ రొట్టె అయినంక చెప్త, ఈ రొట్టె అయినంక చెప్త అనుకున్న. ఆయన అటు పోంగనే నేనే లేసి తియ్యొచ్చు గద? ఆ నవ్వు ఇంకా నా కండ్లల్లనే ఉండె పెద్దమ్మా, లెవ్వబుద్ధి గాలే. తెలియనోడు చేసింది తప్పా, తెలిసి ఊకున్నది తప్పా?"

నేనేం చెప్పాలె? చెప్పు, సదువుకున్నోనివి, నువ్వు చెప్పు!

ఏడుస్తున్నవా? ఏడువకు. నాకు గూడ గట్లనే అయింది.

అగో, ఆటో వచ్చింది. నిమ్మలంగ దిగుతాంది జూడు. కొంగు జారితె మీ బావ ఎట్ల కప్పుతుండో జూడు. బుక్క గూడ ఆయననే తినిపిస్తాండు. మగ్గం మీద కూడ అంత మెత్తగ చెయ్యి ఆడించలేదట, ఆమెనే అన్నది, నవ్వుకుంట.

తోల్కపోతె ఆయన కూలిపోతడు. ఉంచితె, నింద మోసుకుంట మీ అక్క అరిగిపోతది. నిజం చెప్పినవనుకో, ఇద్దరికి గీ కాపురం గూడ దక్కది. నన్నడుగకు బిడ్డా, నాకు రొట్టెలు కొట్టుడు తప్ప ఏమెర్క? రేపట్నుంచి నేను గూడ ఇంకోల్ల పొయ్యి కాడికే పోవాలె.

మొకం తుడుసుకో, ఇటే వస్తాండ్రు. చాయ తాగుతవా? ఈడ పొయ్యి లేదు గద, రోడ్డవతల చాయ దుకాణంల చెప్పొస్త.